కర్టెన్ వెనక పాప, విస్కాన్సిన్ కోతి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. తెనాలిలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నా చిన్నప్పటి నుంచీ మా అమ్మకు "నరాల బలహీనత" అనేవారు. గుండెదడ, నిద్ర పట్టకపోవడం, ఎవరైనా ఇంటికి ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే నిలబడిపోవడం. రాత్రి పడుకోబోయే ముందు ఒక చిన్న మాత్ర వేసుకునేది, ఇప్పటికీ వేసుకుంటుంది. నాకు రెండో కాన్పు తర్వాత దిగులు పట్టుకుంది. రెండేళ్లు ఓర్చుకుని డాక్టర్‌కు చూపిస్తే డిప్రెషన్, దాంతోపాటు యాంగ్జైటీ అన్నారు. మెదడులో కెమికల్ ఇంబాలెన్స్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ రాశారు. ఐదు నెలలు వాడి, బాగానే ఉన్నాను కదా అని ఒకరోజు మానేశాను. మూడు నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు నా బెంగంతా మా పెద్దమ్మాయి గురించి. తొమ్మిదేళ్లు. కొత్తవాళ్లు వస్తే బిగుసుకుపోతుంది. మొన్న మావారి బాబాయ్ వచ్చి "పేరేంటమ్మా, ఏం చదువుతున్నావ్?" అంటే హాల్లో కర్టెన్ పట్టుకుని ఇరవై నిమిషాలు, ఆయన వెళ్లేదాకా కదల్లేదు. ఆయన గేటు దాటగానే "అమ్మా, ఆ తాతయ్య సంచిలో ఏముంది?" అని అడిగింది. మా అత్తగారు "అమ్మమ్మ ఎలాగో తల్లి అలాగే, తల్లి ఎలాగో పిల్ల అలాగే. వాళ్ల రక్తంలోనే ఉంది" అన్నారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఒక వార్త పంపాడు. అమెరికాలో కోతుల మీద పరిశోధన చేసి ఈ భయం తల్లిదండ్రుల నుంచే వస్తుందని తేల్చారట. అది చదివాక మరీ కుంగిపోయాను. పాపకు ఇది నేనే ఇచ్చానా? మెదడు స్కాన్ తీయించాలా? నేను మాత్రలు జీవితాంతం వాడాలా? ఒక్కోసారి పిల్లలకు నేను లేకపోతేనే మేలేమో అనిపిస్తుంది.

జవాబు: అమ్మా, మీరు మూడు ప్రశ్నలు వేశారు, మూడింటికీ చెబుతాను. కానీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి, దానికి ప్రశ్నార్థకం కూడా పెట్టకుండా వదిలేశారు. పాతికేళ్లుగా మనసు జబ్బులు చూస్తున్నవాణ్ని, నా కన్ను ముందు అక్కడే ఆగింది.

ఆ ఆలోచన జబ్బులో భాగం. జ్వరమొస్తే నోరు చేదైనట్టు, డిప్రెషన్‌లో మనిషికి తాను అందరికీ బరువైపోయినట్టు అనిపిస్తుంది. ఈ మాట ఈ రాత్రే మీవారితో చెప్పండి. "మనసు బాగోవడం లేదు" అని చుట్టు తిప్పి చెప్పకండి, నాకు ఎలా రాశారో అలాగే చెప్పండి. ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. ఆ ఆలోచన రోజూ వస్తున్నా, ఎలా చేసుకోవాలి అనేదాకా వెళ్లినా వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. 14416 అని ఒక నంబరుంది. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ ఫోన్‌లోనూ మీవారి ఫోన్‌లోనూ సేవ్ చేసుకుని, తర్వాత మిగతాది చదవండి.

ఇక కోతుల సంగతి. మీ తమ్ముడు పంపిన వార్త ఏదో నాకు అర్థమైంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ అనే ఊళ్లోని విశ్వవిద్యాలయంలో నెడ్ కేలిన్ అనే సైకియాట్రిస్టు ఉన్నారు. 2019లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీకి సంపాదకుడు కూడా అయ్యారు. భయం, దిగులు మెదడులో ఎలా పుడతాయనే ఒక్క ప్రశ్నను పట్టుకుని దశాబ్దాలుగా తవ్వుతున్నారు. వార్తల్లో ఆయన పని రెండు ముక్కలకు కుదించుకుపోతుంది, అందులో ఒక ముక్క మీ గుండెలో దిగబడింది. అసలు ఆయన ఏం చేశారో చెబుతాను.

ఒక పిల్ల కోతిని తల్లి దగ్గర్నుంచి తీసి బోనులో ఒంటరిగా ఉంచుతారు. కాసేపటికి అది కూ... కూ... అని పిలుస్తుంది. తల్లి కోసం. తర్వాత ఒక మనిషి గదిలోకి వచ్చి, దూరంగా, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడతాడు. కోతి వైపు చూడడు. అంతే, కూతలు ఆగిపోతాయి. కోతి ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోతుంది. కొన్ని కోతులు కొద్దిసేపు, కొన్ని ఆ మనిషి ఉన్నంతసేపూ. ఇప్పుడు అదే మనిషి తిరిగి కోతి కళ్లలోకి సూటిగా చూస్తే, బిగుసుకున్న కోతే గుర్రుమంటుంది, పళ్లు చూపిస్తుంది, బోను ఊపుతుంది.

1989లో కేలిన్, ఆయన సహచరుడు షెల్టన్ సైన్స్ పత్రికలో ఈ పని ప్రచురించారు. అందులో నన్ను బాగా ఆకట్టుకున్నది మందుల సంగతి. మార్ఫిన్ ఇస్తే తల్లి కోసం పిలిచే కూతలు తగ్గాయి గానీ బిగుసుకోవడం తగ్గలేదు. డయజెపామ్ ఇస్తే, అంటే మనవాళ్లు నిద్రమాత్ర అనే రకం, బిగుసుకోవడమూ గుర్రుమనడమూ తగ్గాయి, కూతలు తగ్గలేదు. చూశారా, బయటికి అన్నీ "భయం" లాగే కనిపిస్తాయి. లోపల మాత్రం విడిపోయిన బాధకు ఒక దారి, ముప్పు వాసన తగిలిన భయానికి ఇంకో దారి.

బిగుసుకోవడం లోపం కాదమ్మా. చెట్టు మీద కోతిపిల్లకు గద్ద నీడ పడితే కదలకుండా ఉన్నదే బతుకుతుంది. ఆ మనిషి తనను చూశాడో లేదో కోతికి తెలియదు, తెలియనప్పుడు కదలకపోవడమే తెలివి. చిక్కు ఎక్కడొస్తుందంటే, గద్ద వెళ్లిపోయాక కూడా ఆ బిగువు సడలని కోతులు కొన్ని ఉంటాయి. కూతలు మరీ తగ్గిపోయి, బిగుసుకోవడం మరీ ఎక్కువై, రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను కూడా ఎక్కువగా ఉన్న పిల్లల్ని కేలిన్ బృందం ఒక గుంపుగా లెక్కగట్టింది. భయం పాలు ఎక్కువగా ఉన్న స్వభావం అనుకోండి. స్వభావమే, ఇంకా జబ్బు కాదు. మనుషుల్లోనూ కొత్తవాళ్లను చూస్తే ముడుచుకుపోయే పిల్లలుంటారు, ప్రతి తరగతిలో ఒకరిద్దరు కనిపిస్తారు, టీచరమ్మ కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి పిల్లలకు పెద్దయ్యాక యాంగ్జైటీ జబ్బు వచ్చే అవకాశం మిగతావారి కన్నా ఎక్కువే. అది దాచను. కానీ వాళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. ఇదీ అంతే నిజం, వార్తల్లో మాత్రం ఇది కనబడదు.

తర్వాత స్కాన్‌లు. కోతికి గ్లూకోజ్ లాంటి పదార్థం ఎక్కిస్తారు, అందులో కొద్దిగా రేడియోధార్మికత ఉంటుంది. వెంటనే ఆ పక్కకు తిరిగిన మనిషి ముందు అరగంట ఉంచి, ఆ తర్వాత మత్తిచ్చి పెట్ స్కాన్ తీస్తారు. భయపడిన ఆ అరగంటలో మెదడులో ఏ భాగం ఎక్కువ పనిచేస్తే ఆ భాగం ఎక్కువ చక్కెర లాక్కుని ఉంటుంది. పెళ్లి భోజనాలయ్యాక ఏ బంతిలో ఎన్ని విస్తళ్లు పడ్డాయో చూసి జనం ఎక్కడ ఎక్కువ కూర్చున్నారో చెప్పినట్టు. 2010లో నేచర్ పత్రికలో 238 కోతుల లెక్క వచ్చింది. అమిగ్డలా, హిప్పోక్యాంపస్ అనే రెండు చోట్ల ఎంత ఎక్కువ చక్కెర ఖర్చయితే కోతి అంత ఎక్కువ భయస్తురాలు. అమిగ్డలా అంటే చెవులకు కాస్త ముందు, లోతుగా, బాదంపప్పు ఆకారంలో ఉండే ముక్క. రెండు పక్కలా ఒకటి ఒకటి. ఆ పేరుకు అర్థమే బాదం. ముప్పును పసిగట్టే పని దానిది.

మీ తమ్ముడు పంపింది బహుశా 2015 నాటిది. 592 పిల్ల కోతులు, అన్నీ ఒకదానికొకటి ఏదో రకంగా చుట్టాలే, తరతరాల వంశవృక్షం రాసిపెట్టి ఉంది. ఏ కోతి ఎంత భయస్తురాలనే తేడాల్లో దాదాపు మూడో వంతును వంశం వివరిస్తోందని తేలింది. నుదురు వెనకుండే మెదడు ముందు భాగం, అమిగ్డలా, మెదడు కాండం, ఈ మూడూ కలిసి పనిచేసే తీరు వంశంలో దిగుతోంది.

ఈ "మూడో వంతు" దగ్గరే అందరూ బోర్లా పడతారు. మీరు పాపను చూసి, దాని భయంలో మూడో వంతు నాదే అనుకుని ఉంటారు. అలా కాదు. మీ చుట్టుపక్కల పొలాల లెక్కలో చెబుతాను. మీ పక్కనే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 విత్తనం ఉంది కదా, సాంబ మసూరి. దాన్నీ, ఇంకో నాలుగు రకాల వడ్లనూ జిల్లా అంతా రకరకాల చేలలో చల్లారనుకోండి. కోతకొచ్చేసరికి పైరు ఎత్తులో తేడాలుంటాయి. ఆ తేడాల్లో ఇంత వంతు విత్తనం వల్ల, మిగతాది నీళ్ల వల్ల, నేల వల్ల, తెగులు వల్ల అని మొత్తం చేల మీద లెక్క తీయొచ్చు. కానీ ఒక్క మొక్కను పీకి చేతిలో పట్టుకుని, దీని ఎత్తులో ఇన్ని అంగుళాలు విత్తనానివి, ఇన్ని అంగుళాలు నీళ్లవి అంటే అర్థమే లేదు. మూడో వంతు అన్నది 592 కోతుల మధ్య తేడాల లెక్క. మీ పాప గురించి అది ఏమీ చెప్పదు. రెండోది, మూడో వంతు వంశానిదైతే మిగతా రెండు వంతులు వంశానివి కావు. శీర్షికలు రాసేవాళ్లకు ఆ రెండు వంతులు ఎందుకో ఆనవు.

మనుషుల్లో లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2000లో డిప్రెషన్ తేడాల్లో 37 శాతం వంశానిది అన్నారు. అంతకుముందు 1992లో కెన్నెత్ కెండ్లర్ అనే ఆయన వర్జీనియాలో వెయ్యికి పైగా ఆడ కవల జంటల్ని పరిశీలించి ఇంకో సంగతి చెప్పారు. ఎప్పుడూ ఏదో ఆదుర్దాతో ఉండే జబ్బుకూ డిప్రెషన్‌కూ వెనకున్న జన్యువులు ఒకటేనట. ఎవరికి ఏది పైకి తేలుతుందనేది బతుకులో ఎదురైనవాటిని బట్టి ఉంటుంది. మీ అమ్మగారిది గుమ్మంలో నిలబడే భయం, మీది మంచం దిగనివ్వని దిగులు. పేర్లు వేరైనా వేరు ఒకటే కావచ్చు. "నరాల బలహీనత" అని ఆ రోజుల్లో అన్నారు గానీ నరాలు బలహీనపడటం అంటూ అందులో ఏమీ లేదు. అప్పట్లో యాంగ్జైటీకి మన ఊళ్లలో దొరికిన మర్యాదైన పేరు అది.

ఆ జన్యువు ఏదో ఒకటి పట్టుకుని తీసేయొచ్చు అనుకోకండి. ఒకటి కాదు, వందలున్నాయి. ఒక్కోదాని పాలు చిటికెడు. అవి మీలోనే కాదు, మీ అత్తగారి వంశంలోనూ ఉంటాయి. పాపకు సగం జన్యువులు మీవారివి కూడా, ఆ లెక్క ఆవిడకు గుర్తు చేయమని నేను చెప్పను, మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

కాబట్టి "నేనే ఇచ్చానా" అంటే, ఇచ్చి ఉండొచ్చు, కొంత. కళ్ల రంగు ఇచ్చినట్టు. ఎవరూ ఎంచుకుని ఇచ్చేది కాదు అది. ఇంతకీ తల్లి మీద నేరం మోపడం ఈ శాస్త్రానికి పాత అలవాటే. ఇదే మాడిసన్‌లో 1950ల్లో హ్యారీ హార్లో పిల్ల కోతుల్ని తల్లుల నుంచి విడదీసి, తీగతో ఒకటి, గుడ్డతో ఒకటి బొమ్మ తల్లుల్ని చేసి పెట్టాడు. పాలు తీగ తల్లి దగ్గరున్నా పిల్లలు గుడ్డ తల్లినే కరుచుకుని ఉండేవి. ప్రేమ గురించి గొప్ప సంగతే తెలిసింది, కానీ ఆ కోతులు పడిన యాతన చదివితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కేలిన్ కూడా ఆ నీడ నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసే ప్రయోగం ఒకటి తలపెడితే 2014లో పెద్ద గొడవే అయింది, తర్వాత ఆ వేరుచేసే భాగాన్ని వదిలేశారు. ఈ పనిలో ఎన్నో కోతుల ప్రాణాలు కలిసి ఉన్నాయి. దానివల్ల తెలిసింది వాడుకుంటున్నాను, అయినా ఆ ఇబ్బంది నాకు ఉంది.

మీ తమ్ముడి వార్తలో లేని ఇంకో ముక్క కూడా చెప్పాలి. 2019లో ఈ బృందమే కొద్ది కోతుల అమిగ్డలాలోకి ఒక జన్యువును ఎక్కించింది. దాని పని న్యూరోట్రోఫిన్-3 అనే ప్రొటీన్‌ను తయారుచేయడం, ఆ ప్రొటీన్ పని నరాల కణాలు పెరగడానికీ, ఒకదానితో ఒకటి కలుసుకోవడానికీ తోడ్పడటం. ఆ కోతుల్లో భయ స్వభావం తగ్గింది. ఇది మనుషులకు వైద్యం కాదు, దాని కోసం ఎదురుచూడమని చెప్పడమూ లేదు. కానీ పుట్టుకతో వచ్చిందని మీరు ఏడుస్తున్న ఆ స్వభావం, మెదడులో ఒకచోట నరాలు కాస్త కొత్తగా అల్లుకుంటే సడలింది. రాతి మీద చెక్కింది కాదు.

స్కాన్ వద్దు. పాపకూ వద్దు, మీకూ వద్దు. యాంగ్జైటీ ఉందో లేదో, డిప్రెషన్ ఉందో లేదో చెప్పే స్కాన్ ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ 238 కోతుల్లో సగటున కనిపించిన తేడాను ఒక్క మనిషి స్కాన్ ఫిల్మ్ మీద చదవలేం. జిల్లా సగటు వర్షపాతం చూసి మీ పెరట్లో వాన పడిందో లేదో చెప్పడం లాంటిది. తలనొప్పి, ఫిట్స్, మాట తడబడటం లాంటివి ఉంటే డాక్టరే వేరే కారణాలకు స్కాన్ రాస్తారు, అది వేరే సంగతి. మీకు చేయించాల్సినవి చవకైన రక్తపరీక్షలు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12. కాన్పుల తర్వాత ఆడవాళ్లలో థైరాయిడ్ తేడా చేసి, అచ్చం డిప్రెషన్‌లా కూర్చోబెట్టడం నేను చాలాసార్లు చూశాను. చేయించి ఉంటే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి.

కెమికల్ ఇంబాలెన్స్ అన్నమాట డాక్టర్లం మేమే అలవాటు చేశాం. పది నిమిషాల్లో పేషెంటుకు ధైర్యం చెప్పడానికి పనికొస్తుంది, "ఇది నీ తప్పు కాదు, షుగర్ లాంటిదే" అనడానికి. దాని పుట్టుక మాత్రం తమాషాగా ఉంటుంది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచానికి అంటుకుపోయినవాళ్లు లేచి వరండాల్లో చిందులు వేశారని పత్రికలు ఫొటోలు వేశాయి. ఆ మందు మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాల్ని పెంచుతుందని తెలిశాక, అయితే అవి తగ్గడమే దిగులన్నమాట అనుకున్నారు. పారాసిటమాల్‌తో జ్వరం తగ్గింది కాబట్టి ఒంట్లో పారాసిటమాల్ తక్కువైందన్నట్టు. 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ ఒకచోట పోగేసి చూస్తే, డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం దొరకలేదు. పైగా మీరు వేసుకున్న మాత్ర సెరటోనిన్ మీద కొన్ని గంటల్లోనే పని మొదలుపెడుతుంది, మనసు తేలిక పడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ మధ్యలో నరాల కణాలు ఒకదానితో ఒకటి కలుసుకునే తీరు మెల్లగా సర్దుకుంటుందని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. కథ పాతబడింది గానీ మాత్ర పనికిరానిదైపోలేదు. మీకు పనిచేసింది కదా, ఐదు నెలల్లో "బాగానే ఉన్నాను" అనిపించేంత.

అక్కడే తప్పటడుగు పడింది, అది మీ ఒక్కరిదే అననులెండి. ఎన్నాళ్లు వాడాలో, ఎలా ఆపాలో మీకు చీటీ మీద రాసివ్వాల్సింది. బాగైన రోజు నుంచి లెక్కపెట్టి ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, మొదటిసారి వచ్చినదైతే. మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు. మళ్లీ మళ్లీ వచ్చినదైతే రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆపేటప్పుడు డోసు కొంచెం కొంచెంగా, వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం, చిరాకు, నిద్ర చెడటం వస్తాయి. దాన్ని చూసి "మందుకు బానిసనయ్యాను" అని భయపడతారు. జీవితాంతం వాడాలా అంటే, చాలామందికి అక్కర్లేదు. మీకు ఎన్నాళ్లో మీ డాక్టర్ చూసి చెప్పాలి. మిగిలిన పాత స్ట్రిప్ సొంతంగా మొదలుపెట్టొద్దు, మళ్లీ మొదలుపెట్టిన తొలి రెండు వారాల్లో ఆదుర్దా కాస్త పెరగొచ్చు. మీరు చివర రాసిన ఆ ఆలోచనను దృష్టిలో పెట్టుకుంటే, ఆ రోజుల్లో మీ మీద ఒక కన్నేసి ఉంచే మనిషి ఇంట్లో ఉండాలి.

మీ అమ్మగారి చిన్న మాత్ర వేరే కుటుంబం. నేను ఊహిస్తున్నది సరైతే అది ఆల్ప్రజోలామ్ గానీ క్లోనజెపామ్ గానీ అయి ఉంటుంది, పిల్ల కోతులకు ఇచ్చిన డయజెపామ్‌కు చెల్లెళ్లు. వెంటనే నెమ్మది ఇస్తాయి, అలవాటు పడేదీ అవే. పెద్ద వయసులో తూలి పడటానికీ మతిమరుపుకూ దారితీస్తాయి. అలాగని ఇవాళే లాక్కుని పారేయకండి, అది ఇంకా ప్రమాదం. మీరు వెళ్లేటప్పుడు ఆవిణ్నీ వెంట తీసుకెళ్లండి. తెనాలికి గుంటూరు జనరల్ ఆసుపత్రి ఎంతో దూరం కాదు, అక్కడ సైకియాట్రీ విభాగం ఉంది.

పాప కోసం మీరు ఇవాళ చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద పని మీ వైద్యం మీరు చేయించుకోవడం. ఓదార్చడానికి అంటున్నది కాదు. మిర్నా వీస్‌మన్ అనే ఆవిడ డిప్రెషన్ ఉన్న కుటుంబాలను తరాల పాటు వెంబడించి చూసినావిడ. 2006లో ఆవిడ బృందం డిప్రెషన్‌కు మందులు వాడుతున్న 151 మంది తల్లులనూ, ఒక్కొక్కరి పిల్లల్లో ఒకరినీ చూసింది, ఏడు నుంచి పదిహేడేళ్ల పిల్లలు. పిల్లలకు ఏ వైద్యమూ చేయాలని వాళ్లు పెట్టుకోలేదు. మూడు నెలల్లో తల్లి పూర్తిగా కోలుకున్న ఇళ్లలో, పిల్లల్లో డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి జబ్బులు 11 శాతం తగ్గాయి. తల్లి కోలుకోని ఇళ్లలో దాదాపు 8 శాతం పెరిగాయి. ఇది తల్లుల్ని చీటీలు తీసి రెండు గుంపులుగా విడదీసి చేసిన ప్రయోగం కాదు, తల్లులు త్వరగా కోలుకున్న ఇళ్లలో వేరే అనుకూలాలు కూడా ఉండి ఉండొచ్చు. అయినా నా దగ్గరికొచ్చే ఇళ్లలో నేను చూసేది దీనితో సరిపోతుంది. జన్యువులు ఆ మూడు నెలల్లో మారలేదు. పొద్దున జడ వేస్తూ పాపతో రెండు మాటలు మాట్లాడే ఓపిక తల్లికి తిరిగొచ్చింది. మీరు లేకపోతే పిల్లలకు మేలనే ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ 151 ఇళ్లు గుర్తుచేసుకోండి.

పాప విషయంలో ఇప్పుడే జబ్బని పేరు పెట్టను. గేటు మూసుకోగానే సంచి గురించి అడిగిన పిల్ల అది. బిగుసుకున్న ఇరవై నిమిషాలూ దాని కళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. అయితే కొన్ని కనిపిస్తే పిల్లల మనసు వైద్యుల్ని కలవాలి. క్లాసులో నెల రోజులకు పైగా నోరు విప్పకపోవడం, స్కూలుకు వెళ్లే పొద్దుల్లోనే కడుపునొప్పి రావడం, సెలవు రోజున రాకపోవడం, పుట్టినరోజు పిలుపులన్నీ మానేయడం, నిద్ర చెడటం. వాళ్లు ముందుగా మాత్రలు ఇవ్వరు. భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా చేసి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు.

ఇంట్లో మీరు మానుకోవాల్సింది ఒకటుంది. పాప బదులు మీరు జవాబు చెప్పేస్తూ ఉండి ఉంటారు. "దీనికి సిగ్గండీ, నాలుగో తరగతి" అని. అందరం చేస్తాం, ఆ మౌనం భరించలేక. పాపకు అప్పటికి ప్రాణం లేచొస్తుంది, కానీ మాట్లాడకపోతే గండం గడుస్తుందని మెదడు నేర్చుకుంటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలై లెబోవిట్జ్ బృందం 2020లో ఒక ప్రయోగం ఫలితాలు ఇచ్చింది. యాంగ్జైటీ ఉన్న పిల్లల్ని కలవకుండా, తల్లిదండ్రులకు మాత్రమే ఇలాంటి అడ్డుపడే అలవాట్లు మానుకోవడం నేర్పితే, పిల్లలకు నేరుగా చేసే థెరపీకి ఏమాత్రం తీసిపోలేదు. అలాగని తిట్టి ముందుకు తోయడమూ కాదు. "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు చేయగలవనీ తెలుసు" అని ఒక్క మాట, తర్వాత ఆగడం. ఆగడమే కష్టం.

మీ అత్తగారితో రక్తం గురించి వాదించి ప్రయోజనం లేదు. పాప వినేలా ఆ మాట అనొద్దని మాత్రం మీవారి చేత చెప్పించండి, మీరు చెప్పకండి.

ఇక బాబాయ్ గారు. ఆయన మళ్లీ వచ్చేముందు ఒక ఫోన్ చేయండి. పేరు, క్లాసు, ర్యాంకు, ఏమీ అడగొద్దని చెప్పండి. వచ్చి, సంచి కుర్చీ పక్కన కింద పెట్టి, పాప వైపు తిరక్కుండా మీతో మాట్లాడుతూ కూర్చుంటే చాలు. మీరు టీచరు కదా, అడ్డుపడతారు: పక్కకు తిరిగిన మనిషిని చూసే కదా ఆ కోతి బిగుసుకుంది అని. నిజమే. కానీ ఆ కోతి ముందున్నది దానికి ముక్కూ మొహం తెలియని మనిషి, పైగా బోనులో అది ఒంటరి. ఇక్కడ ఎదురుగా సోఫాలో మీరుంటారు, కాఫీ తాగుతూ, ఏ తొందరా లేకుండా. మొదటిసారి పాప కర్టెన్ వదలకపోవచ్చు. రెండోసారీ వదలకపోవచ్చు. సంచిలో ఏముందో మాత్రం మీరు చెప్పకండి.